గవరమ్మ చేసిన భృంగారాకారం

కుమ్మరి గవరమ్మ ఇరవై ఏళ్లుగా కోటకు కుండలిస్తోంది. ఆస్థాన పండితుడు సాంబశాస్త్రి కన్ను ఇప్పుడు ఆమె మీద పడింది. కోటలో ఆయన తప్పు పట్టని మనిషి ఇంకెవరూ మిగల్లేదు మరి.

"భృంగారాకారమైన పాత్ర చెయ్యగలవా?" అన్నాడు, రాజుగారు వింటుండగా.

గవరమ్మకు ఆ మాట తెలియదు. రాజుగారికీ తెలియదు గాని, ఆయన తలూపారు.

"ఆ మాత్రం తెలియని మనిషి కుండలు మనకెందుకు ప్రభూ? పున్నమిలోగా తేకపోతే మాన్పించేద్దాం."

గవరమ్మ దిగులుగా వెళ్తుంటే వంటాయన జాలిపడి చెప్పాడు. "శాస్త్రిగారు పొద్దున్నే మొహం కడుక్కునే కొమ్ముచెంబు లేదూ? అలా ఉండేదేనమ్మా."

పున్నమినాడు గవరమ్మ తెచ్చిన చెంబు అచ్చం తన చెంబులాగే ఉండటంతో శాస్త్రి కాదనలేకపోయాడు.

"ఇదే భృంగారాకారం! నా మాట విన్నాకే ఈమెకింత పనితనం అబ్బింది" అన్నాడు.

"అయితే నీళ్లు పొయ్యండి" అని అప్పుడే భోజనం ముగించిన రాజుగారు ఎంగిలిచెయ్యి చాపారు.

శాస్త్రి చెంబు నింపి వంచాడు. కొమ్ములోంచి చుక్క రాలేదు. ఇంకా వంచాడు. నీళ్లన్నీ మూతిలోంచి రాజుగారి పట్టుపంచె మీద పడ్డాయి.

"ఏమిటే ఇది?" అని శాస్త్రి గవరమ్మ మీద విరుచుకుపడ్డాడు.

"కొమ్ము అతికేముందు చెంబుకు కన్నం పొడవాలండి. నేను పొడవలేదు. తమరు ఆకారమే అడిగారు కదా!" అంటూ గవరమ్మ గంపలోంచి ఇంకోటి తీసింది. "నీళ్లు పడాలంటే ఇదిగోండి, కొమ్ముచెంబు."

రాజుగారు దాంతోనే చెయ్యి కడుక్కుని, "కుండల సంగతి ఇక గవరమ్మనే చూసుకోనివ్వండి" అని పంచె మార్చుకోవడానికి వెళ్లారు.

తర్వాత శాస్త్రిగారి భార్య చెప్పగా తెలిసింది, ఆయన ఇంట్లో మొదట్నుంచీ కొమ్ముచెంబనే అడుగుతాడట.