చాప కింద కత్తి

కృష్ణా నది ఒడ్డున భిక్షుణుల విహారంలో మూలసిరికి మనశ్శాంతి లేకుండా పోయింది.

ఏటి అవతల యుద్ధం. సైనికుల చేతుల్లో నలిగి, పడవెక్కి పారిపోయి వచ్చిన ఆడవాళ్లకు పెద్ద భిక్షుణి నాగసిరి ఆశ్రయమిచ్చింది. వాళ్లను చూసుకునే పని శిష్యురాలు మూలసిరికి అప్పగించింది.

మిగతావాళ్లు ఎలాగో కుదుటపడ్డారు. విరజ అనే ఆవిడే కొరుకుడు పడలేదు. ఊరేదంటే నిన్న ఒక పేరు, ఇవాళ ఇంకో పేరు. గంజి పోస్తే ముందు నువ్వు తాగు అన్నట్టు చూసేది. పదేళ్ల చెల్లెలిని ఎవరి దగ్గరికీ పోనిచ్చేది కాదు. రాత్రుళ్లు కూడా గోడకు వీపు ఆనించి, రెప్ప వాల్చకుండా గుమ్మం వైపే చూస్తూ కూర్చునేది.

'నిజంగా దెబ్బతిని వచ్చిందా, లేక అవతలివాళ్లు పంపితే వచ్చిందా?' అనుకుంది మూలసిరి. ఆ రోజు నుంచి విరజ మీద ఒక కన్నేసి ఉంచింది.

ఓ ఉదయం అక్కాచెల్లెళ్లు స్నానానికి వెళ్లినప్పుడు వాళ్ల చాప ఎత్తి చూసింది. వంటింట్లో కనబడకుండా పోయిన కూరల కత్తి అక్కడుంది.

గబగబా తీసుకెళ్లి గురువు ముందు పెట్టింది. "చూశారా అమ్మా! నేను అనుకుంటూనే ఉన్నాను."

"దీంతో ఎవరినైనా ఏమైనా చేసిందా?"

"ఇంకా లేదు."

నాగసిరి బొటనవేలితో అంచు తడిమింది. "మొద్దుబారిపోయింది" అంటూ సానరాయి మీద నీళ్లు చిలకరించి నూరడం మొదలుపెట్టింది.

మూలసిరి నిర్ఘాంతపోయింది. "అమ్మా, చీమకైనా హాని చెయ్యబోమని వ్రతం పట్టినవాళ్లం!"

నాగసిరి చెయ్యి ఆగలేదు. పదును తేలాక లేచి విరజ గదికి వెళ్లింది. మూలసిరి వెంటే పరిగెత్తి, గుమ్మం పక్కన గోడ చాటున నిలబడింది.

అప్పుడే స్నానం చేసి వచ్చిన విరజ, గురువు చేతిలో కత్తి చూడగానే చెల్లెలిని వెనక్కి లాగి అడ్డంగా నిలబడింది.

"తీసింది నేనే. నన్ను పంపించెయ్యండి. దాని మీద మాత్రం చెయ్యి వెయ్యకండి."

నాగసిరి కత్తిని నేల మీద పెట్టింది, పిడి విరజ వైపు ఉండేలా. నాలుగడుగులు వెనక్కి నడిచి, ఆమెకు వీపు పెట్టి గుమ్మంలో కూర్చుంది.

"పడుకో తల్లీ. ఇటు నేను చూస్తుంటాను."

చాలాసేపటికి కత్తి నేలకు గీసుకున్న చప్పుడు. ఇంకాసేపటికి చాప పరిచిన చప్పుడు.

మూలసిరి గురువు చెవి దగ్గర వంగి గుసగుసలాడింది. "ఇచ్చారు, సరే. పదును పెట్టి మరీ ఇవ్వాలా?"

"మొద్దు కత్తిని నమ్ముకుని ఎవరికి నిద్ర పడుతుంది?"

మూలసిరి లోపలికి తొంగి చూడబోయి ఆగింది. వచ్చి గురువు పక్కనే, బయటి వైపు తిరిగి కూర్చుంది. వీపు జలదరిస్తూనే ఉంది. అయినా వెనక్కి తిరగలేదు.