కోటప్ప పంతులు వేసిన ఎండుటాకు

ఈతచెట్ల అడవిలో వాగు ఒడ్డున పిట్టలకో విశ్వవిద్యాలయం ఉండేది. అక్కడ నేర్పేది ఒకటే చదువు, గూడు కట్టడం. ఏడాదంతా నేర్చుకుని పిట్టలు వాగు మీది కొమ్మలకు గూళ్లు కట్టాలి. తొలకరి గాలికి గూడు నిలిస్తే చదువు పూర్తయినట్టు. వాగులో పడిందా, మళ్లీ ఏడాది కూర్చోవాల్సిందే.

పాఠం చెప్పేవి రెండు గిజిగాళ్లు, కోటప్ప, రత్తమ్మ. కోటప్పది అడవిలోకెల్లా పెద్ద గూడు. దాన్ని చూసే పిల్లలు అతని దగ్గర ఎగబడి చేరేవారు.

అక్కడో ఆచారం ఉంది. పాఠం అయ్యాక ప్రతి పిట్టా పంతులు తొర్రలో ఒక ఆకు వెయ్యాలి. అర్థమైతే పచ్చాకు, కాకపోతే ఎండుటాకు.

ఆ ఏడు ఇద్దరి తొర్రల్లోనూ ఎండుటాకులే పడ్డాయి.

"ఎండాకాలంలో పచ్చాకులు ఎక్కడ దొరుకుతాయి పాపం" అని కోటప్ప వాటిని పరుపులా సర్దుకుని హాయిగా కునుకు తీశాడు.

రత్తమ్మకు మాత్రం మనసు చివుక్కుమంది. అయినా పిల్లల్ని పిలిచి అడిగింది. "నా పాఠంలో ఏం అర్థం కాలేదర్రా? నేనేమీ అనుకోను, చెప్పండి."

చివరికి చుక్కి అనే గువ్వపిల్ల నోరు విప్పింది. దాని ఇంట్లో ఏడు తరాలుగా గూడు సరిగా కట్టినవాళ్లు లేరు.

"పంతులమ్మా, మీరు గూటిని నిలబెట్టే అడుగు ముడి వేసేటప్పుడు మాకు మీ వీపే కనబడుతుందండీ."

రత్తమ్మ నవ్వీ నవ్వీ కొమ్మ మీంచి జారబోయింది. "ఓసి నా తల్లీ, ఇన్నేళ్లూ నా వీపుతోనా పాఠం చెప్పింది!"

మర్నాడు పిల్లల వైపు తిరిగి, తలకిందులుగా వేలాడుతూ ముడి వేసింది. సగం పచ్చాకులు పడ్డాయి. మళ్లీ అడిగింది. గడ్డి పుటుక్కున తెగిపోతోందన్నారు. ఆ మర్నాటి నుంచి గడ్డిని ముందు వాగులో తడిపించింది. తొర్ర పచ్చబడింది.

తొలకరి గాలి రానే వచ్చింది. కోటప్ప శిష్యుల గూళ్లు ఒక్కొక్కటే వాగులో పడ్డాయి. పాపం, ఆ పిల్లలు బావురుమన్నారు. "గడ్డి నాసిరకం" అన్నాడు కోటప్ప. ఆడలేక మద్దెల ఓడన్నట్టు లేదూ?

చుక్కి గూడు మాత్రం గాలికి ఊగిందే కానీ ఊడలేదు. వాళ్లమ్మ ఆ గూట్లోకి పదిసార్లు దూరి, పదిసార్లు బయటికొచ్చి చూసుకుంది.

మరుసటి ఏడు కోటప్ప దగ్గర ఒక్క పిట్టా చేరలేదు. కొన్నాళ్లు బిగుసుకు కూర్చున్నాడు. ఒకరోజు మెల్లగా వచ్చి రత్తమ్మ తరగతిలో చివరి కొమ్మ మీద కూర్చున్నాడు.

పాఠం అయింది. కోటప్ప పచ్చాకు అందుకున్నాడు. కాసేపు చూసి దాన్ని వదిలేసి, ఎండుటాకు తెచ్చి తొర్రలో వేశాడు.

"అన్నా, నీకు అర్థం కానిదేముంది?" అంది రత్తమ్మ.

"ఆ అడుగు ముడి నాకెప్పుడూ రాలేదమ్మా" అన్నాడు కోటప్ప తల వంచుకుని. "నేనుండేది మా నాన్న కట్టిన గూడు."

తరగతిలో ఎవరూ నవ్వలేదు. చదువు పూర్తయినా కొత్త పిల్లలకు సాయంగా వస్తున్న చుక్కి జరిగి ముందు కొమ్మ మీద చోటిచ్చింది.

"ఇలా రండి పంతులుగారూ. ఇక్కడికి బాగా కనబడుతుంది."

నీతి: అర్థం కాలేదని చెప్పే శిష్యుడి మాట విన్న గురువుకే చదువు చెప్పడం వస్తుంది.