తోక పగిలిన గువ్వ

అనగనగా ఒక నది. ఆ ఒడ్డున ఒక రాజు, ఈ ఒడ్డున ఒక రాజు, నట్టనడుమ ఒక ఇసుక తిప్ప. దాని పేరు గువ్వలతిప్ప.

ఆ తిప్ప ఎవరిదంటారు? ఆ ఒడ్డు రాజు నాదన్నాడు. ఈ ఒడ్డు రాజు కాదు, నాదన్నాడు. నది మాత్రం ఏమీ అనలేదు. ఒక ఏడు ఇటు ఒరిగి పారింది, మరో ఏడు అటు ఒరిగి పారింది. రాజులిద్దరూ కత్తులు నూరుకుంటూ కూర్చున్నారే గాని, తిప్ప మీద పుచ్చపాదులు పెట్టుకున్న జనానికి ఒక తలారినైనా పంపిన పాపాన పోలేదు.

"ఎవరూ మనల్ని ఏలకపోతే మనమే ఏలుకుందాం" అనుకున్నారు తిప్పవాళ్లు. పంచాయతీ పెట్టుకున్నారు. సంత పెట్టుకున్నారు. ఉత్తరాలు ఒడ్డు దాటించడానికి ఒక పడవ కూడా పెట్టుకున్నారు. తపాలా ఉన్నాక తపాలా బిళ్ల ఉండొద్దూ? వడ్రంగి వీరన్న ఒక కొయ్యముక్క మీద గువ్వ బొమ్మ చెక్కాడు. పసుపూ సున్నమూ కలిపిన పారాణిలో అద్ది కాయితం మీద ఒత్తితే, ఎర్రెర్రని గువ్వ! అదే గువ్వలతిప్ప బిళ్ల.

ఆ ముచ్చట ఎంతకాలం? ఒక వరదకూ మరో వరదకూ నడుమ ఉన్నంత కాలం, అంతే. రాజులకు రోషం పొడుచుకొచ్చింది. రెండు ఒడ్ల నుంచీ రెండు సేనలు దిగాయి. ఆంబోతుల పోరులో లేగల కాళ్లు విరిగినట్టు, జనం మూటాముల్లే సర్దుకుని తలో దిక్కూ పోయారు. వెనకే వచ్చిన వరద గుడిసెల్నీ, పడవనీ, వీరన్న చెక్కిన అచ్చునీ ఎత్తుకుపోయింది.

ఆ వీరన్న కూతురే వరాలు. ఈ ఒడ్డు రాజధానిలో, కోట వెనక వాడలో తుంగచాపలు నేసి బతికేది. "మీది ఏ ఊరమ్మా?" అని ఎవరైనా అడిగితే "గువ్వలతిప్ప" అనేది. "అలాంటి ఊరే లేదే!" అని నవ్వేవారు. ఆ నవ్వు వింటే వరాలుకు ఒళ్లు మండేది.

ఏళ్లు గడిచాయి. పాత రాజులు పోయారు, కొత్త రాజులు వియ్యమందారు. తిప్ప ఈ ఒడ్డు రాజుగారికి దక్కింది. ఆయన దండోరా వేయించాడు. "తిప్ప మీద ఒకప్పుడు ఊరుండేదని రుజువు చూపిస్తే, ఆ ఊరివాళ్లే మళ్లీ వెళ్లి సాగు చేసుకోవచ్చు. విజయదశమిలోగా రుజువు రాకపోతే తిప్ప మా ఏనుగులకు మేతబీడు!"

వరాలు మగ్గం దగ్గర నుంచి లేచి కొంగు బిగించింది. "మా ఉత్తరాలు ఊరూరా వెళ్లాయి. బిళ్లలు ఎక్కడో అక్కడ ఉండకపోవు. ఏరి తెస్తాను" అంది.

అదే నగరంలో ధనగుప్తుడనే వర్తకుడున్నాడు. ఆయనకు దేశదేశాల తపాలా బిళ్లలు పోగేసే పిచ్చి. పిచ్చంటే మంచి పిచ్చి కాదు లెండి. మంచి పిచ్చి ఉన్నవాడు బొమ్మ చూసి మురిసిపోతాడు. ఈయన చూసేది ఒకటే, "ఇది నా దగ్గర తప్ప మరెవరి దగ్గరా లేదు కదా?" అని. రాజుగారికీ బిళ్లలంటే సరదా. లోకంలో ఇంకెవరి దగ్గరా లేని బిళ్ల తెచ్చినవారికి దసరా కొలువులో గండపెండేరం తొడుగుతానని మాటిచ్చాడు.

ధనగుప్తుడి దగ్గర ఒక గువ్వబిళ్ల ఉంది. ఇంకేం, మిగతావన్నీ కొని కాల్చేస్తే తనదొక్కటే మిగులుతుంది! అనుకున్నదే తడవుగా ఊరూరా మనుషుల్ని తోలాడు.

వరాలు ముందు పాత తపాలా పడవవాడి ఇంటికి వెళ్లింది. "అయ్యో, నిన్ననే ధనగుప్తుడి మనుషులు కొనుక్కుపోయారమ్మా" అన్నాడతను. తిప్ప సంతలో గాజులమ్మిన మల్లయ్య ఇంటికి వెళ్లింది. అక్కడా అదే మాట. తిరిగొచ్చేసరికి ధనగుప్తుడి పెరట్లో పొగ లేస్తోంది. అదేం పొగో వాడవాళ్లు చెప్పారు. అయినా వరాలు కూర్చోలేదు. ఎండనపడి, కొండ కింద పల్లెలో ఉన్న పెద్దమ్మ ఇంటికి నడిచింది.

పెద్దమ్మ పసుపు పెట్టె అడుగు నుంచి ఒక పాత కవరు తీసింది. "నువ్వు రాసిందేనే పిల్లా! 'పెద్దమ్మా, తొలికాపు పుచ్చకాయలు దిగాయి, వచ్చి తినిపో' అన్నావు. నేను బయలుదేరేలోగా వరద వచ్చేసింది" అంది. కవరు మూల ఎర్రని గువ్వ. దాని మీద తిప్ప పడవ నల్లముద్ర. వరాలు దాన్ని కళ్లకద్దుకుని భోరుమంది.

ఆ కబురు ధనగుప్తుడి చెవిన పడనే పడింది.

మొదట వరహాల సంచితో తనే వచ్చాడు. "నీ ఇంటి కప్పు చూడు వరాలూ, ఆకాశం కనపడుతోంది. ఇది పుచ్చుకుని పెంకుటిల్లు కట్టుకో. ఆ చిత్తుకాగితం ఇలా పడెయ్" అన్నాడు.

వరాలు తలెత్తి చూసింది. నిజమే, ఆకాశం కనపడుతోంది. ఒక్క క్షణం మనసు ఊగింది కూడా. ఎందుకు ఊగదూ, వాన వస్తే తడిసేది తనే కదా!

"కప్పు నేను నేసుకుంటాను బాబూ. ఊరిని నేసుకోలేను" అని సంచి వెనక్కి తోసింది.

రెండోసారి కర్రలు పట్టిన మనుషుల్ని పంపాడు. "లేని రాజ్యం బిళ్ల దాచడం రాజద్రోహం. కొలువులో చూపించావో, నిన్ను కొరత వేస్తారు!" అని వాళ్లు కళ్లెర్రజేశారు. వరాలు చేతిలో తుంగ కోసే కొడవలి ఉంది.

"అలాగా! ద్రోహమో కాదో రాజుగారినే అడుగుతాను. అడ్డు లేవండి" అంది. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని అడ్డు లేచారు.

మూడోసారి ఏం చేశాడో వినండి.

విజయదశమి వచ్చింది. కొలువు కిటకిటలాడుతోంది. చెదిరిపోయిన తిప్పజనం ఎక్కడెక్కడి నుంచో వచ్చి వెనక నిలబడ్డారు. వరాలు కవరును రెండు చేతులా పట్టుకుని రాజుగారి ముందు పెట్టింది. మంత్రి దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"బాగానే ఉంది గాని, ఒక్క సాక్షి చెల్లదమ్మా. ఇలాంటిది ఇంకొకటి ఉందా?"

"ఉండేవి స్వామీ. బూడిదయ్యాయి" అంది వరాలు.

అప్పుడు లేచాడు ధనగుప్తుడు. "మహారాజా, మోసం! అది దొంగబిళ్ల. ఈవిడ తన ఇంట్లో అచ్చొత్తుకుంది. ఆ గువ్వ తోక చూడండి, నడిమికి పగులు! తోక పగిలిన గువ్వను ఏ ఊరైనా అచ్చేసుకుంటుందా? అసలు బిళ్ల లోకంలో ఒక్కటే ఉంది. అది నా దగ్గరుంది!" అంటూ బంగారు భరిణె అందించాడు.

రాజుగారు భరిణె మూత తీశాడు. చూశాడు. మళ్లీ చూశాడు. కవరు పక్కన పెట్టి చూశాడు. తర్వాత పకపకా నవ్వాడు.

"ధనగుప్తా, నీ బిళ్లను నువ్వు ఎప్పుడైనా చూశావా?"

ఏం చూస్తాడు పాపం! కొనడం తెలుసు, దాచడం తెలుసు, చూడటం తెలిస్తేగా? ఆ గువ్వ తోకకూ పగులే. అదే చోట, అదే వంకర, వెంట్రుకవాసి తేడా లేదు.

"ఆమెది దొంగదైతే, అదే అచ్చులో పుట్టిన నీదీ దొంగదే. కొలువుకు దొంగబిళ్ల తెచ్చినవాడిని చెరసాలలో వేస్తాం. నీది అసలుదని చెప్పే సాక్ష్యం ఉందా?" అన్నాడు రాజుగారు.

ధనగుప్తుడు భరిణె వంక చూశాడు. పక్కన పెట్టి చూపిద్దామంటే ఏముంది? అన్నీ తన పెరట్లోనే కాలాయి. మిగిలిన ఒక్కదాన్నీ ఇప్పుడే, ఇందరి ఎదుట, దొంగదన్నాడు. కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నాడు.

రాజుగారు ఇటు తిరిగాడు. "వరాలూ, నువ్వు చెప్పు. ఇతని బిళ్ల అసలుదా, దొంగదా?"

"దొంగదని చెప్పవే, వాడి రోగం కుదురుతుంది!" అని తిప్పమనిషి ఒకడు వెనక నుంచి గొణిగాడు. వరాలు గుండె భగభగ మండుతూనే ఉంది. పెరట్లో లేచిన ఆ పొగ ఇంకా కళ్ల ముందే ఉంది.

"అసలుదే మహారాజా" అంది. "మా నాన్న చెక్కిన అచ్చే. మొదటి రోజే ఎండకు కొయ్య తోక దగ్గర పగిలింది. ఇంకోటి చెక్కు నాన్నా అంటే, 'పగిలినా ఎగురుతుందిలే' అన్నాడు. ఈయన మీద కోపంతో మా నాన్న గువ్వను అబద్ధం చేయలేను."

"ఆమెదీ అసలుదే మహారాజా! నూటికి నూరుపాళ్లూ అసలుదే!" అని అరిచాడు ధనగుప్తుడు. అంత గట్టిగా నిజం చెప్పడం ఆయనకు అదే మొదలేమో! కొలువంతా ఘొల్లుమంది.

మంత్రి చేతులు జోడించాడు. "ప్రభూ, సాక్షులు ఇద్దరయ్యారు. స్నేహితులైతే కూడబలుక్కున్నారనుకోవచ్చు. వీరు పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేవారు. ఇంతకంటే రుజువేం కావాలి?"

"గువ్వలతిప్ప ఉండేది. ఇకముందూ ఉంటుంది" అన్నాడు రాజుగారు. వెనక నిలబడ్డ ముసలివాళ్లు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. వరాలు కవరు గుండెకు హత్తుకుంది. గండపెండేరం ఏమైందంటారా? లోకంలో ఒక్కటే ఉన్న బిళ్లకు కదా అది! ఇక్కడ రెండున్నాయాయె. పళ్లెంలోది పళ్లెంలోనే ఉండిపోయింది. ధనగుప్తుడు తలవంచుకుని ఇంటికి పోయాడు.

ఆ ఏడు తిప్ప మీద మళ్లీ పుచ్చపాదులు పాకాయి. తొలికాయ పెద్దమ్మకే వెళ్లింది. తపాలా పడవకు రాజుగారు సెలవివ్వగానే కొత్త వడ్రంగి అచ్చు చెక్కడానికి కూర్చుని, "అమ్మా, ఈసారి తోక నిండుగా చెక్కనా?" అని అడిగాడు.

"వద్దు నాయనా, పగులు ఉండనీ. అది చూసే మమ్మల్ని గుర్తుపట్టారు" అంది వరాలు.

అందుకే పెద్దలు అంటారు: తనదొక్కటే మిగలాలని పదిమందివీ కాల్చినవాడికి, తనది నిజమని చెప్పే దిక్కు కూడా మిగలదు. పగవాడి గురించి సైతం నిజం పలికినవారికి, ఆ పగవాడే సాక్షి అవుతాడు.