దీనమ్మ చెంచా

పాతకాలపు వెండిపూత చెంచాలూ ఫోర్కులూ చూడగానే, ఇది ఫలానా నమూనా, ఫలానా కాలంది అని చెప్పగలిగేవాళ్ళు అప్పట్లో సికింద్రాబాదులో ఇద్దరే. ఒకరు సోమలింగాచారి. రెండోవాడు ఆయన శిష్యుడు విఠల్, అదీ విఠల్ లెక్క ప్రకారం. నాలుగేళ్ళు నమూనాల బొమ్మల పుస్తకం తిరగేశాడు మరి! ఒకనాడు ఉండబట్టలేక అడిగేశాడు.

"గురువుగారూ, నమూనాలన్నీ వచ్చేశాయి. ఇంకా నేర్చుకోవలసింది ఏముంది?"

ఆచారి చేతిలో ఫోర్కు తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఆయన పలక్కపోతే విఠల్‌కి ఒళ్ళంతా జెర్రులు పాకినట్టుంటుంది.

ఊరికే కూర్చోలేక, తన పనితనం చూపిద్దామని, కొట్లో కలగాపులగంగా ఉన్న సరుకంతా బల్లమీద పోసి నమూనాల వారీగా సర్దేశాడు. కాడ మీద గవ్వ బొమ్మ ఉన్నవి ఒక పళ్ళెంలో, తీగ ఉన్నవి ఇంకో పళ్ళెంలో. సర్దడం అయ్యాక గానీ చూసుకోలేదు. కొత్త పూత వేయమని దీనమ్మ ఇచ్చి వెళ్ళిన చెంచా కూడా వాటిలో కలిసిపోయింది. ఆవిడ తల్లి రైల్వే దొర బంగళాలో ఆయాగా చేసింది. తల్లి పోయాక దీనమ్మకు మిగిలింది ఆ చెంచా ఒక్కటే. అదీ గవ్వ నమూనాదే. పళ్ళెంలో చూస్తే గవ్వ చెంచాలు పదమూడున్నాయి.

భూతద్దం పట్టాడు. అన్ని కాడల మీదా అదే గవ్వ, వెనక అదే ముద్ర. దీనమ్మ మధ్యాహ్నం వస్తానంది. కాలుగాలిన పిల్లిలా కొట్టంతా తిరిగాడు. ఏదో ఒకటి చేతిలో పెట్టేస్తే ఆవిడకేం తెలుస్తుందిలే అనుకున్నాడు. అనుకున్నందుకు సిగ్గుపడ్డాడు. అయినా మళ్ళీ అదే అనుకున్నాడు.

అన్నట్టే ఆవిడ వచ్చింది. విఠల్ ఒక చెంచా తీసి చెయ్యి చాచాడు గానీ, ఆవిడ ముఖం చూశాక ఇవ్వలేకపోయాడు. మీ చెంచా వీటిలో కలిపేశానమ్మా, ఏది మీదో నాకు తెలియడం లేదు అని ఒప్పేసుకున్నాడు. దీనమ్మ ముఖం పాలిపోయింది. ఆచారి లేచి, పళ్ళెం ఆవిడ ముందుకు జరిపాడు.

ఆవిడ గవ్వల వంక చూడనైనా చూడలేదు. ఒక్కొక్క చెంచా తీసి, దాని గుంట కొన మీద బొటనవేలు నడిపి పక్కన పెట్టసాగింది. ఎనిమిదోదాని దగ్గర వేలు ఆగింది.

"ఇదే నాయనా. మా అమ్మది ఎడమచేతి వాటం. గిన్నెలో జావ అడుగంటా గీకి నా నోట్లో పెట్టేది."

విఠల్ వంగి చూశాడు. కుడిచేత్తో వాడిన మిగతావన్నీ ఎడమ అంచున అరిగాయి, ఇదొక్కటే కుడి అంచున అరిగింది. నాలుగేళ్ళలో అతను ఏ చెంచా కొననూ చూసిన పాపాన పోలేదు. పూత గీత ఏమీ వద్దని చెప్పి, దీనమ్మ దాన్ని కొంగులో చుట్టుకుని వెళ్ళిపోయింది.

అప్పుడు ఆచారి నోరు విప్పాడు.

"నమూనాలన్నీ నీకు వచ్చేశాయి, నిజమే. రేపట్నుంచి చెంచాలు చూడు."