రాతికోటలో చిట్టి టమాటాలు

అనగనగా ఒక నల్లరాతి కొండ, ఆ కొండ నెత్తిన ఒక కోట, ఆ కోటకు గౌరసాని అని ఒక రాణి. ఎప్పటి మాట అంటారా? కోతులు మనుషులకు ఏమాత్రం భయపడని రోజుల మాట. ఇప్పుడు మాత్రం భయపడుతున్నాయా అని అడగకండి, కథ సాగదు.

ఆ కోటలో అన్నీ ఉన్నాయి. బురుజులున్నాయి, ఏనుగు పట్టేంత వాకిళ్ళున్నాయి, మండుటెండల్లోనూ ఎండని రాతిబావి ఉంది. లేనిదల్లా మన్నొక్కటే. ఎక్కడ గునపం వేసినా ఖంగుమనేది. రాతి సందులో గడ్డిపరక మొలిస్తే దాన్ని చూడటానికి జనం పోగయ్యేవారు. కూరలన్నీ కింద పల్లంపురం నుంచి గాడిదల మీద ఎక్కి రావలసిందే.

పల్లంపురం రాజు పోతభూపతి. ఆయనవి పెద్ద మీసాలు, అంతకంటే పెద్ద పంతాలు. కోపం వచ్చినప్పుడల్లా కొండదారికి అడ్డంగా ముళ్ళకంప వేయించేవాడు. ఆయనకు కోపం రావడానికి కారణం కూడా అక్కర్లేదు. దారి మూసినన్నాళ్ళూ కోటలో వాళ్ళు పప్పుతోనూ ఎండు చేపలతోనూ కాలక్షేపం చేసేవారు. పెద్దవాళ్ళు ఎలాగో ఓర్చుకునేవారు గానీ, పచ్చని కాయ, పండు లేక పిల్లలకు చిగుళ్ళు వాచి నెత్తురు కారేది. అది చూసినప్పుడల్లా గౌరసానికి కడుపు తరుక్కుపోయేది.

ఒక వినాయక చవితి నాడు దారి మళ్ళీ మూతపడింది. పూజకు పత్రి కూడా పైకి రాలేదు. ఇక ఊరుకోలేక గౌరసాని పల్లకి కూడా ఎక్కకుండా కొండ దిగి పోతభూపతి సభకు వెళ్ళింది.

"రాజా! మీ కోపం ఏమైనా ఉంటే నా మీద చూపించండి. పసిపిల్లల విస్తళ్ళ మీద కాదు" అంది.

"అబ్బో! అంత పౌరుషం ఉన్నదానివి, నీ కూరలు నువ్వే పండించుకోరాదూ అమ్మాయీ?" అన్నాడు పోతభూపతి. సభంతా గొల్లుమంది.

"పండించుకుంటాం!" అనేసింది గౌరసాని. అన్న మరుక్షణం నాలుక కరుచుకుంది. కానీ నోరు జారాక రాణి అయితేనేం, రాణి చెప్పుల కాపలాదారు అయితేనేం.

పోతభూపతి మీసం దువ్వాడు. "అయితే విను. రథసప్తమికి నీ కోటకు విందుకు వస్తాను. అక్కడే కాసిన టమాటా పండు ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, నాకు తినిపించు. ఇక ఈ జన్మలో దారి మూయను. తినిపించలేకపోయావో, కోట తాళాలు నా చేతిలో పెట్టి నీ జనాన్ని తీసుకుని కిందికి దిగాలి. అన్నట్టు, నా నేల మీది మన్ను పిడికెడు కూడా పైకి ఎక్కడానికి వీల్లేదు సుమా!"

గౌరసాని కొండెక్కింది. సంగతి విని మంత్రి నాగరుసు తల పట్టుకున్నాడు. "మన్ను లేకుండా మొక్కా దేవీ? మన కొంప మునిగింది!" అన్నాడు. నాగరుసు మంచివాడే. కానీ ఆయన ధైర్యం తెల్లారేసరికి ఎక్కడికో వెళ్ళిపోయేది.

గౌరసాని తిన్నగా వంటింట్లోకి వెళ్ళింది. చిన్నప్పటి నుంచీ ఆమెకు దిగులు పుడితే అక్కడికే. ఆమెను ఎత్తుకుని పెంచిన సూరమ్మే ఆ వంటింటికి పెద్ద. గట్టు మీద నీళ్ళ చెంబులో సూరమ్మ పెట్టుకున్న తమలపాకు తీగ ఒకటుంది. చెంబులో తెల్లని వేళ్ళు గుబురుగా అల్లుకున్నాయి. గౌరసాని చాలాసేపు దాన్నే చూసింది.

"సూరమ్మా! దీనికి మన్నేదీ?"

"మన్నెందుకే తల్లీ, నీళ్ళున్నాయిగా" అంది సూరమ్మ పప్పు కలియబెడుతూ.

అంతే, రాణికి దారి దొరికింది. ఆరుబయట పెడితే కోతులు పీకి పారేస్తాయి కనుక, వంటింటి గట్టు మీదే రాతి తొట్టి పెట్టించింది. తొట్టి నిండా నీళ్ళు, పైన కన్నాలు తొలిచిన చెక్క, కన్నాల్లో కొబ్బరి పీచు. సూరమ్మ బుట్ట అడుగున వడలిపోయిన చిట్టి టమాటా ఒకటి దొరికితే, దాని గింజలు ఆ పీచులో నాటింది. కోట వాకిట్లో రంగు చేపలు పెంచే తొట్టి నీళ్ళు వడగట్టి, కాస్త బూడిద తేట కలిపి అదే వాటికి ఆహారంగా పోసింది. మొలకలు రానే వచ్చాయి.

వచ్చినట్టే వచ్చి తలలు వాల్చేశాయి. చెక్క ఎత్తి చూస్తే వేళ్ళు నల్లబడి కుళ్ళు వాసన కొడుతున్నాయి. 'నీళ్ళలోనే ఉండి ఎందుకు వాడాయి?' అనుకుంది గౌరసాని. చెంబులో నీళ్ళు సూరమ్మ రోజూ మారుస్తుంది. తొట్టిలోవి కదలక మెదలక పడి ఉన్నాయి. అంటే వేళ్ళకు ఊపిరి ఆడటం లేదన్నమాట! వెంటనే శివుడి మీద వేలాడదీసే ధారాపాత్ర లాంటిది ఒకటి చేయించి తొట్టి మీద కట్టించింది. చుక్క చుక్కకూ నీళ్ళు కదిలి బుడగలొచ్చాయి. మళ్ళీ నాటిన మొక్కలకు వేళ్ళు మల్లెపూవంత తెల్లగా దిగాయి.

అంతలో ఇంకో చిక్కు. మొక్కలు బలం లేక, పాలిపోయి, జానెడు కిటికీ వైపు మెడలు చాచాయి. కోట కిటికీలు బాణాలు వేయడానికి కట్టినవి, ఎండ రావడానికి కాదు మరి. గౌరసాని తన నిలువుటద్దం తెప్పించి కిటికీలో ఎండను పట్టి మొక్కల మీదికి మళ్ళించింది. అది చాలలేదు. మర్నాడు కోటలోని ఆడవాళ్ళందరినీ పిలిచి, "అమ్మల్లారా, మీ అద్దాలు నాకు అప్పివ్వండి" అని అడిగింది.

పిల్లల చిగుళ్ళ సంగతి వాళ్ళకు వేరే చెప్పాలా? ఒక్కరూ కాదనలేదు. వంటిల్లంతా ధగధగలాడిపోయింది. ఎండ జరిగిన కొద్దీ వంతులు వేసుకుని అద్దాలు జరిపారు. అద్దాలు ఇచ్చేసిన ఇళ్ళలో మాత్రం బొట్లు వంకర, పాపిళ్ళు వంకర. "నా మొహం ఎలా ఉందో నాకే తెలియడం లేదు సూరమ్మా" అని ఒకావిడ వాపోతే, "మీ ఆయన ఉన్నాడుగా, అడుగు. అబద్ధం చెప్పాడో, ఆ పూట కూడు మాన్పించు" అంది సూరమ్మ. మొక్కలు మాత్రం మోకాలెత్తు పెరిగి, చిన్న చిన్న పసుప్పచ్చని పూలు పూశాయి.

ఇదిగో, ఇక్కడే రాతికోట వాళ్ళు మాత్రమే చేయగలిగిన తప్పు ఒకటి జరిగింది.

ఆ కోటలో ఏదైనా విలువైనది అనిపిస్తే చాలు, దాన్ని మడిలో పెట్టేస్తారు. ఎవరూ అంటుకోకూడదు, గట్టిగా మాట్లాడకూడదు, దూరం నుంచి దణ్ణం పెట్టుకోవాలి. పూలను చూసి కోటంతా మురిసిపోతే గౌరసాని మాత్రం భయపడింది. గాలి తగలకుండా కిటికీకి పరదా కట్టించింది. ఎండ పరదా గుండా వచ్చిందే చాలనుకుంది. పురుగు దూరకుండా తలుపులు మూయించింది. రోటినీ రోకలినీ దూరపు బురుజు కిందికి తరలించింది. పూటపూటకూ హారతి ఇప్పించింది.

పూలు రాలడం మొదలుపెట్టాయి. కాయ కట్టకుండానే, తొడిమతో సహా. "దిష్టి దేవీ!" అన్నాడు నాగరుసు. దిష్టి తీశారు. ఇంకా రాలాయి. మడి ఇంకా గట్టిగా పట్టారు. ఇంకా ఇంకా రాలాయి. రథసప్తమి దగ్గర పడుతోంది. రాలిన పూలను కొంగులో ఏరుకుంటూ గౌరసాని వెక్కివెక్కి ఏడ్చింది. తన నోటి దురుసుకు ఇంతమంది ఇళ్ళు పోతాయే అని ఆమె బాధ.

ఒకరోజు వాన పడింది. దూరపు బురుజుకు వెళ్ళి వచ్చి నడుం పడిపోయిన సూరమ్మకు చిర్రెత్తింది. రోలు వంటింట్లోకి దొర్లించుకొచ్చి, గట్టుకు ఆనించి, మిరపకాయలు పోసి దంచడం మొదలుపెట్టింది. దభీ దభీమని ఇల్లంతా అదిరింది.

గౌరసాని పరుగెత్తుకొచ్చింది. "ఆపు సూరమ్మా! పూలు!"

"నేనాపను. నీ మొక్కకు మడి ఉంటే నాకు నడుముంది" అంది సూరమ్మ, ఇంకో పోటు వేస్తూ.

కసురుదామని నోరు తెరిచిన గౌరసాని అలాగే ఆగిపోయింది. రోకటి పోటు పోటుకూ గట్టు అదురుతోంది. గట్టుతో పాటు రోటి వైపు కొమ్మ మీది పూలు జలదరిస్తున్నాయి. వాటిలోంచి సన్నని పసుప్పచ్చని పొడి పొయ్యి వెలుగులో రాలుతోంది. ఏమిటో ఇది చూద్దామని, ఆమె సూరమ్మను దంచుకోనిచ్చింది.

కొన్నాళ్ళకు మిగతా కొమ్మల పూలన్నీ రాలిపోయాయి. రోటి వైపు కొమ్మ పూలు మాత్రం రాలలేదు. రేకులు వాడి, వాటి నడుమ మిరియాలంత పచ్చని పిందెలు కనిపించాయి.

గౌరసానికి అంతా తెలిసిపోయింది. బయటి తోటలో గాలి పూలను ఊపుతుంది. తుమ్మెద వాలి ఝుమ్మని అదరగొడుతుంది. అప్పుడే పుప్పొడి రాలి కాయ కడుతుంది. ఇక్కడ గాలికి పరదా కట్టించిందెవరు? తుమ్మెదకు తలుపు వేయించిందెవరు? తనే! ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పరదా పీకేసింది. సూరమ్మ నడుముకు తనే నూనె రాసి, "రోలు ఇక్కడే ఉండనీ" అంది. ఆనాటి నుంచి పొద్దున్నే పూలగుత్తి గుత్తినీ వేలితో మెల్లగా మీటేది. పిందెలు కాయలయ్యాయి, కాయలు ఎర్రబడ్డాయి.

అయితే కాలం చాలా పోయింది. రథసప్తమి నాటికి పండినవి గుప్పెడే.

ఆ గుప్పెడు చూసి నాగరుసు ధైర్యం మళ్ళీ ఎగిరిపోయింది. వింతేమిటంటే, సరిగ్గా ఆ వారమే పోతభూపతి తనంతట తానే దారి తెరిపించాడు. పైకొచ్చిన గంపల్లో చిట్టి టమాటాలూ ఉన్నాయి. నాగరుసు ఎవరికీ చెప్పకుండా ఒక గంప కొన్నాడు.

పండుగ నాడు పోతభూపతి పరివారంతో వచ్చి, కూర్చోకుండానే, "ఏదీ నీ తోట?" అన్నాడు. గౌరసాని వంటింటికి తీసుకెళ్ళింది. చూస్తే మొక్కలు ఎర్రగా విరగకాసి ఉన్నాయి! జనం జేజేలు కొట్టారు. పోతభూపతి కోపగించుకోలేదు సరికదా, మీసాల కింద ముసిముసిగా నవ్వాడు.

గౌరసాని దగ్గరికి వెళ్ళి ఒక గుత్తిని ముట్టుకుంది. ఆ గుత్తిని ఆమె ఎన్నడూ మీటలేదు. తొడిమలు ఎండి ఉన్నాయి. ఆకుల చాటున సన్నని పచ్చదారం వేలికి తగిలింది. తల తిప్పితే నాగరుసు చేతులు జోడించి, మాట్లాడవద్దని కళ్ళతోనే బతిమాలుతున్నాడు.

నోరు విప్పితే కోట పోవచ్చు. విప్పకపోతే ఇన్నాళ్ళ కష్టం ఈ దారాలకు కట్టుబడిపోతుంది. అద్దాలిచ్చిన ఆడవాళ్ళు వంకర బొట్లతో గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"సూరమ్మా, కత్తి ఇయ్యి" అంది. చకచకా దారాలన్నీ కోసేసింది. గంపెడు పండ్లు గట్టు మీద దొర్లాయి. "రాజా! ఇవి నా పండ్లు కావు. మా వాళ్ళు భయపడి కట్టారు. తప్పు మాదే. మా మొక్క కాసినవి ఇదిగో, ఈ రోటి వైపువి."

"మోసం ఒప్పుకున్నావుగా! తాళాలు తే!" అని అరిచాడు పోతభూపతి. కానీ ఆయన మొహంలో నవ్వు చెదిరిపోయింది.

"మీరడిగింది ఒక్క పండు. మీ చేత్తోనే కోసుకోండి. దారం కనబడితే తాళాలు తీసుకోండి."

పోతభూపతి తొడిమ లాగి చూశాడు, గిల్లి చూశాడు. దారం లేదు. పండు నోట్లో వేసుకుని కసుక్కున కొరికాడు. రసం చిమ్మి మీసాల మీదా పట్టు కండువా మీదా పడింది. నమిలాడు, నాలుకతో వెతికాడు, మళ్ళీ నమిలాడు.

"లవంగం ఏదీ?" అనేశాడు.



"టమాటాలో లవంగమేమిటి బాబూ?" అంది సూరమ్మ.

గౌరసాని గట్టు మీద దొర్లిన పండు ఒకటి తీసి కోసింది. లోపల ఒక లవంగం. ఇంకొకటి కోసింది. అందులోనూ లవంగమే. కొండెక్కే ప్రతి పండులోనూ పోతభూపతే తొడిమ పక్కనుంచి లవంగం గుచ్చి పంపించాడు, కొని కట్టిన పండ్లు విందులో పట్టిద్దామని! దారాలు కోయకపోయి ఉంటే కోట ఆ పూటే పోయేది.

ఒకరు కిసుక్కుమన్నారు. ఆ తర్వాత కోటంతా పగలబడి నవ్వింది. ఆఖరికి పోతభూపతి వెంట వచ్చినవాళ్ళు కూడా మొహాలు పక్కకు తిప్పుకుని నవ్వారు. ఆయన మీసాల మీది రసం తుడుచుకుని, తల వంచి, "ఇంత తియ్యని పండు నా తోటలో కూడా కాయలేదమ్మా. ఓడిపోయాను" అన్నాడు. తిరిగి వెళుతూ దారిలోని ముళ్ళకంప తన చేతులతోనే లాగి పారేశాడు. డప్పులు మోగాయి. సూరమ్మ ఆ గుప్పెడు పండ్లూ కోసి పిల్లల నోళ్ళలో తలా ఒక ముక్క పెట్టింది.

నాగరుసుకు శిక్ష ఏమిటంటారా? ఏడాది పొడుగునా సూరమ్మకు బదులు మిరపకాయలు దంచడం, అదీ గట్టు పక్కనే. ఆయన రోకలి పోటుకు ఆ ఏడు టమాటాలు విరగకాశాయి. అద్దాలు ఇళ్ళకు చేరాయి, బొట్లు తిన్నగా కుదిరాయి. తర్వాత ఇంటింటి గట్టు మీదా ఒక తొట్టి వెలిసింది. ఆ కోటలో పిల్లల చిగుళ్ళు మళ్ళీ నెత్తురు చూడలేదు.

కాబట్టి పిల్లలూ, మనం పెంచి కాయించింది గుప్పెడైనా మనల్ని గెలిపిస్తుంది, తెచ్చి కట్టింది గంపెడైనా మనల్ని పట్టిస్తుంది.