కమ్మీల గేటు దగ్గర కాంక్రీటు పాఠం

విరూపాక్షయ్యగారు ఎవరేమడిగినా సూటిగా జవాబు చెప్పిన పాపాన పోయేవారు కాదు. "ముందు టిఫిను కానిద్దాం" అనేవారు. ఆయన దగ్గర కాంక్రీటు మీద పరిశోధన చేస్తున్న ఫణిభూషణానికి ఈ అలవాటు చూస్తే ఒళ్ళు మండేది. గురువు కదా, మింగలేక కక్కలేక ఊరుకునేవాడు.

ఆ ఉదయం మాత్రం ఊరుకునేలా లేడు. చుట్టుపక్కల క్వారీల్లో దొరికే రాయితోనే అతడొక కాంక్రీటు తయారుచేశాడు. దాన్ని మిషను పెట్టి కుదపనక్కర్లేదు. పోస్తే చాలు, తన బరువుకి తానే కమ్మీల సందుల్లోంచి పారి అచ్చంతా నిండాలి. హైవే వంతెన స్తంభాలకు అది పనికొస్తుందో లేదో తేల్చడానికి ఆ పూటే అధికారులు వస్తున్నారు. వాళ్ళు కాదంటే అతడి ఏళ్ళ చాకిరీ గంగలో కలిసినట్టే.

ఆ భయంతో, కాంక్రీటును పలుచన చేసే రసాయనం కాస్త ఎక్కువే పోశాడు. పరీక్షకని పళ్ళెం మీద బోర్లించి కాంక్రీటు నింపిన రేకు గరాటాను ఎత్తగానే అది పరుగులు తీసింది. ఎంత దూరం పారిందో టేపుతో కొలిచి మురిసిపోయాడు. గురువుగారు టేపు వంక చూడనే లేదు. నడుమ కుప్పపడ్డ రాళ్ళనూ, అంచున చేరిన తేట నీళ్ళనూ చూసి తల అడ్డంగా ఊపారు.

"ఇంత బాగా పారుతుంటే ఇంకేం కావాలండీ?" అన్నాడు శిష్యుడు ఉక్రోషంగా.

"అదుగో, జీపు వచ్చింది. వాళ్ళని క్యాంటీనుకి తీసుకురా నాయనా. పెసరట్లు చెప్పి ఉంచుతాను" అంటూ ఆయన వెళ్ళిపోయారు.

క్యాంటీను అడ్డదారిలో, పశువులు రాకుండా పెట్టిన ఇనుప కమ్మీల గేటొకటి ఉంది. మనిషి మెలికలు తిరిగితే గానీ దాటలేడు. బక్కపలచటి ఫణిభూషణం వెనకొస్తున్న అధికారులకి తన కాంక్రీటు గొప్పలు చెబుతూ సర్రున దాటేశాడు. "ఏ సందులోంచైనా ఇట్టే వచ్చేస్తుందండీ" అని క్యాంటీను మెట్లెక్కి వెనక్కి తిరిగాడు. వెనక ఒక్కరూ లేరు. పెద్ద ఇంజనీరుగారు పొట్ట ఇటు, బ్యాగు అటుగా గేటులో ఇరుక్కుపోయి ఉన్నారు. తక్కినవాళ్ళంతా ఆయన వెనకే ఆగిపోయారు.

"నువ్వొచ్చావు, సరే" అన్నారు గురువుగారు చట్నీ కలుపుకుంటూ. "మరి రాళ్ళేవి?"

శిష్యుడికి తల తీసేసినట్టయింది. పరుగున వెళ్ళి, పెద్దాయన్ని మెల్లగా గేటులోంచి విడిపించి, చుట్టుదారిన అందరినీ దగ్గరుండి నడిపించుకొచ్చాడు. తాను మాత్రం పెసరట్టు ముట్టకుండానే ల్యాబుకి పరిగెత్తాడు. రసాయనం తగ్గించి, రాళ్ళను పట్టి ఉంచేలా థర్మల్ ప్లాంటు బూడిద పెంచి, మళ్ళీ కలిపాడు.

అందరూ చుట్టూ చేరాక గరాటా ఎత్తాడు. ఈసారి కాంక్రీటు తొందరపడలేదు. చుట్టూ నిలబెట్టిన కమ్మీల సందుల్లోంచి తాపీగా పారి, పొద్దుటికన్నా జానెడు ఇవతలే ఆగింది. అధికారులు టేపు అందుకోబోయారు. విరూపాక్షయ్యగారు వంగి, అంచుదాకా వచ్చి కూర్చున్న ఒక లావుపాటి రాయిని వేలితో తట్టారు.

"ఈయన కూడా వచ్చారండీ."

పెద్ద ఇంజనీరుగారు పొట్ట కదిలేలా నవ్వారు. "అయితే స్తంభం ఎప్పుడు పోద్దాం?" అని అడిగారు. ఫణిభూషణం నోరు తెరిచేలోగా గురువుగారు అందుకున్నారు.

"మావాడొక్కడే వెనకబడ్డాడు. ముందు వాడి టిఫిను కానివ్వండి."