విప్పడానికి కొన్న కీబోర్డు

పరాంకుశం మాస్టారి దగ్గర పని నేర్చుకునేవాళ్ళకు ఒక సంగతి తొందరగానే తెలిసిపోయేది. ఎలా అని అడిగితే ఆయన చేసి చూపిస్తారు. ఎందుకు అని అడిగితే కాసేపు ఊరుకుంటారు. మంచిదా చెడ్డదా అని అడిగితే మాత్రం చేతిలో పని పక్కన పెట్టి చెప్పులు వేసుకుంటారు. అడిగినవాళ్ళు ఆయన వెంట ఎక్కడికో ఒకచోటికి నడవాల్సిందే.

విజయవాడ సూర్యారావుపేటలో ఒక మేడ మీద ఆయన గది. ఒకప్పుడు అక్కడే టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపారు. టైపు మిషన్ల కాలం పోయాక పాత కంప్యూటర్ కీబోర్డుల పని పట్టుకున్నారు. వెనకటి కీబోర్డుల్లో కొన్నిటికి ప్రతి అక్షరం కిందా విడిగా ఒక స్విచ్చి, అందులో ఒక స్ప్రింగు ఉండేవి. నొక్కితే వేలికి తెలిసేది, చెవికి వినిపించేది. వాటిలో చాలా రకాలు ఇప్పుడెవరూ తయారుచేయడం లేదు. వాటి మీద మోజున్నవాళ్ళ కోసం మాస్టారు పాత కీబోర్డులు వెతికి కొని, విప్పి, స్విచ్చిలు ఊడదీసి, శుభ్రం చేసి, కొత్త బోర్డులో బిగించి, కోరినట్టు కొత్త కీబోర్డు కట్టి ఇచ్చేవారు. ఆ విద్య నేర్చుకోవడానికి వచ్చిన ముగ్గురిలో వకుళ ఒకతె. చెయ్యి నెమ్మది, మనసు తొందర.

ఒకనాటి ఉదయం వకుళ వచ్చి, బల్ల దగ్గర కూర్చోకుండానే అడిగింది.

“మాస్టారూ, విప్పడానికే కొంటున్నామని అమ్మేవాళ్ళకి చెప్పాలా?”

“వాళ్ళు అడిగారా?”

“అడిగారు.”

“నువ్వేం చెప్పావు?”

వకుళ తల దించుకుని జరిగింది చెప్పింది.

తెనాలిలో శేషారత్నం గారని ఒక పెద్దావిడ. ఆమె భర్త కామేశ్వరరావు గారు చిన్న డీటీపీ షాపు నడిపేవారు. శుభలేఖలు, కరపత్రాలు, సహకార సంఘాల వార్షిక నివేదికలు, అన్నీ ఒక్క కీబోర్డు మీదే కొట్టి కొట్టి ఆయన జీవితం వెళ్ళిపోయింది. ఆయన పోయాక షాపు ఖాళీ చేస్తుంటే, ఆ కీబోర్డు అమ్మకానికి ఉందని వకుళకు కబురు తెలిసింది. వెళ్ళి చూసింది. తను వెతుకుతున్న స్విచ్చిలే. బెంగళూరులో సినిమాలకు సబ్‌టైటిల్స్ రాసే ఒకతను సరిగ్గా అవే కావాలని నెలల తరబడి అడుగుతున్నాడు. పైగా మాస్టారి చెయ్యి పడకుండా వకుళ సొంతంగా కట్టబోయే మొదటి కీబోర్డు అది.

శేషారత్నం గారు ఆ కీబోర్డును ఒళ్ళో పెట్టుకుని, చీర కొంగుతో ఒక్కొక్క అక్షరమే తుడుస్తూ అడిగారట: “వాడుకోవడానికేనా అమ్మా?”

అలా తుడుస్తున్న మనిషి ముందు, విప్పి ముక్కలు చేస్తానని చెప్పడానికి వకుళకు నోరు రాలేదు. “అవునండీ” అనేసింది.

ఇంటికి తెచ్చిన రోజే విప్పింది. స్విచ్చిలన్నీ ఊడదీసింది. పని బాగా సాగింది. ఆ తర్వాత శేషారత్నం గారి దగ్గర్నుంచి ఫోను వచ్చింది. వకుళ ఎత్తలేదు. మర్నాడు మళ్ళీ వచ్చింది. ఎత్తలేదు. మనసు మార్చుకుని వెనక్కి అడుగుతారేమో, లేదా ఎలా ఉందమ్మా, బాగా పనిచేస్తోందా అని అడుగుతారేమో. రెండింటిలో ఏదడిగినా వకుళ దగ్గర జవాబు లేదు. అప్పట్నుంచి స్విచ్చిల డబ్బా మూత తీయలేకపోతోంది. అన్నం సయించడం లేదు. ఫోను మోగితే దిండు కింద పెట్టేస్తోంది.

“చెబితే అమ్మేవారు కాదేమో మాస్టారూ. చెప్పకపోతే ఇలా ఉంది. అందుకే అడుగుతున్నాను, చెప్పాలా, అక్కర్లేదా?”

మాస్టారు టంకం వెయ్యడం ఆపేసి, లేచి చెప్పులు వేసుకున్నారు.

“దారిలో మీ ఇంటి దగ్గర ఆగి ఆ ముక్కలన్నీ ఒక సంచీలో సర్దు. తెనాలి వెళ్దాం.”

“వెనక్కి ఇచ్చెయ్యమంటే?”

“ఇచ్చేద్దాం.”

“ముక్కలు ముక్కలుగానా?”

“ఎలా ఉంటే అలాగే” అన్నారు మాస్టారు.

రైల్లో ఆయన పేపరు చదువుకున్నారు. వకుళ సంచీ ఒళ్ళో పెట్టుకుని, ఏమని మొదలుపెట్టాలో లోలోపలే కూడబలుక్కుంటూ కూర్చుంది. దుగ్గిరాల దాటేసరికి నాలుగు రకాలుగా మొదలుపెట్టి నాలుగూ వదిలేసింది. ఇంటి ముందుకు వచ్చాక మాస్టారు అరుగు మీద చతికిలబడ్డారు.

“లోపలికి నువ్వు వెళ్ళు.”

తలుపు తీసిన శేషారత్నం గారు వకుళను చూసి నిలువునా బిగుసుకుపోయారు. ఆమె చూపు ముందు మొహం మీద, తర్వాత సంచీ మీద పడింది. గుమ్మానికి అడ్డు తొలిగారు. ఇంత కోపంగా ఉన్నారా అనుకుంది వకుళ. ఇక అనుకున్న మాటలేవీ గుర్తురాలేదు. నేరుగా బల్ల దగ్గరికి వెళ్ళి సంచీలోవి ఒక్కొక్కటే బయట పెట్టింది. పై డిప్ప, కింద రేకు, ఉత్త సర్క్యూట్ బోర్డు, కడిగి ఆరబెట్టిన అక్షరాల మూతలు, డబ్బాలో స్విచ్చిలు.

“మీకు అబద్ధం చెప్పానండీ. వాడుకోవడానికి కాదు, విప్పడానికే కొన్నాను. ఈ స్విచ్చిలు తీసి వేరే కీబోర్డుకి వెయ్యడానికి. మీరు అడిగినప్పుడు చెప్పలేకపోయాను. ఫోను కూడా అందుకే ఎత్తలేదు. మీకు కావాలంటే అన్నీ ఇక్కడే ఉన్నాయి. మళ్ళీ బిగించి ఇమ్మన్నా ఇస్తాను.”

శేషారత్నం గారు బల్ల మీదికి వంగి చూశారు. చాలాసేపు చూశారు. తర్వాత కుర్చీ లాక్కుని కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఏడుస్తున్నారనుకుంది వకుళ. భుజాలు కదులుతున్నాయి. దగ్గరికి వెళ్ళి చూస్తే ఆమె నవ్వు ఆపుకోలేకపోతున్నారు.

“విప్పడానికా! విప్పడానికే కొన్నావా!”

“అవునండీ.”

“ఓసి నీ ఇల్లు బంగారంగాను! అది పనిచెయ్యదే అమ్మాయ్! పోయిన వర్షాలకి షాపు కప్పు కారి, నీళ్ళన్నీ దాని మీదే పడ్డాయి. మధ్య వరస మొత్తం పోయింది. మా మరిది ఏమో, ఆ సంగతి ఎత్తావంటే ఎవరూ కొనరు, ఊరుకో వదినా అన్నాడు. నువ్వేమో చూస్తే చదువుకున్న పిల్లవి, వాడుకుంటానంటివి. ఎక్కడ కంప్యూటర్‌కి పెట్టి చూస్తానంటావోనని, నీ చేతికివ్వకుండా తుడుస్తున్నట్టు కూర్చున్నాను.”

వకుళకు అప్పుడు గుర్తొచ్చింది. విప్పినప్పుడు సర్క్యూట్ బోర్డు మీద ఒక మూల పచ్చగా చిలుము పట్టి ఉంది. తనకు బోర్డుతో పని లేదు కాబట్టి ఎందుకా అని ఆలోచించనేలేదు. కొనేముందు ఒక్కసారి పెట్టి చూస్తానని అడగనూ లేదు.

“మరి ఫోను చేసింది?”

“ఇదంతా చెబుదామనే చేశాను తల్లీ. కావాలంటే వెనక్కి తెచ్చెయ్యమని చెబుదామని. నువ్వు ఎత్తకపోయేసరికి, పిల్లకి తెలిసిపోయింది, మోసం చేశానని ముఖం చూపించనంటోంది అనుకున్నాను. ఇందాక సంచీతో నిన్ను గుమ్మంలో చూసి నా ప్రాణం పైకే పోయింది. విప్పడానికని ఒక్క ముక్క అని ఉంటే, నేనూ ఉన్నమాట చెప్పేసి హాయిగా పడుకునేదాన్ని కదా!”

వకుళ కూడా నవ్వడం మొదలుపెట్టింది. మధ్యలో కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వింది. గుండె మీంచి ఎవరో రుబ్బురోలు దించినట్టయింది ఆమెకు.

శేషారత్నం గారు డబ్బాలోంచి ఒక స్విచ్చి తీసి అరచేతిలో పెట్టుకుని బొటనవేలితో నొక్కారు. టక్కుమంది.

“ఇవైనా బాగున్నాయా?”

“బాగున్నాయండీ. బోర్డే పోయింది. ఇవి శుభ్రం చేస్తే ఇంకో పాతికేళ్ళు కొట్టుకోవచ్చు.”

ఆమె మళ్ళీ నొక్కి చూసి తల అడ్డంగా ఊపారు. “ఆయన ఇంత మెల్లగా కొట్టేవారు కాదు. వీధి చివరికి వినిపించేది.” ఈసారి గట్టిగా నొక్కారు. “ఆఁ, ఇలా. ఎవరికట ఇవి?”

“బెంగళూరులో ఒకతనికి. సినిమాలకి కింద మాటలు వస్తాయి కదండీ, అవి రాస్తాడు.”

“తెలుగులోనా?”

“ఇంగ్లీషులో.”

“అయితే మా ఆయనకి నచ్చదు” అని శేషారత్నం గారు మళ్ళీ నవ్వి, స్విచ్చిని డబ్బాలో వేసి మూత తనే పెట్టారు. “సరేలే, రాసుకోనీ. పాపం అడిగాడుగా.”

“కట్టాక మీకు తెచ్చి చూపిస్తానండీ.”

“తేకపోయినా పరవాలేదు. ఫోను ఎత్తు, చాలు.”

అప్పుడామెకు అరుగు మీద ఎవరో ఉన్నట్టు తోచింది. “ఎవరాయన? మీ మాస్టారా? పెద్దాయన్ని ఎండలో కూర్చోబెట్టి లోపల కబుర్లా! పిలు, పిలు. వంటయింది, భోంచేసి వెళ్దురుగాని.”

దోసకాయ పప్పు, వంకాయ వేపుడు, నిమ్మకాయ పచ్చడి. శేషారత్నం గారు కొసరి కొసరి వడ్డిస్తూ, భర్త ఒకసారి శుభలేఖలో పెళ్ళికొడుకు పేరు, పెళ్ళికొడుకు తండ్రి పేరు అటూ ఇటూ చేసి కొట్టేసిన ముచ్చట చెప్పారు. మాస్టారు తక్కువ తిని ఎక్కువ విన్నారు. వకుళ విస్తరాకు నిండా పప్పు కలుపుకుంది.

తిరుగు రైల్లో కిటికీ పక్క చోటు దొరికింది. వకుళ సంచీని పై అరమీద పడేసి, కాళ్ళు చాపుకుని కూర్చుంది. కృష్ణా కాలువ వెనక్కి పోతోంది. కాసేపయ్యాక ఆమెకు ఉదయం అడిగినది అలాగే మిగిలిపోయిందని గుర్తొచ్చింది.

“మాస్టారూ, ఇవాళంటే కలిసొచ్చింది. ఆవిడా దాచారు కాబట్టి సరిపోయింది. మిగతావాళ్ళ దగ్గర ఏం చెయ్యాలి? చెప్పాలా, వద్దా?”

మాస్టారు పేపరు మడిచారు.

“పోయినసారి ఆవిడ ఇంట్లో ఏం తిన్నావు?”

“ఏమీ తినలేదు. కాఫీ పెడతానన్నారు. రైలుకి టైమైందని వచ్చేశాను.”

“టైమైందా?”

వకుళ చాపుకున్న కాళ్ళు దగ్గరికి లాక్కుంది.

“కాలేదు. స్టేషన్లో చాలాసేపు కూర్చున్నాను.”

మాస్టారు కిటికీలోంచి కాలువకేసి చూస్తూ అన్నారు:

“ఇవాళ మజ్జిగ కూడా అడిగి పోయించుకున్నావు.”